కాసులమ్మకు చెప్పిన మాట

కాశీబుగ్గ,
11-12-2003.

ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా అని తిట్టుకుంటూనైనా చివరిదాకా చదువుతావన్న నమ్మకంతో, నారాయణమ్మకు సీతారత్నం నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం అలవాటు. మీ బావగారు క్షేమం. కొబ్బరి లోడింగు పనిలో తీరిక లేకుండా ఉన్నారు. నా సంగతి కింద రాస్తాను. నువ్వు హెడ్ నర్సువయ్యావని నిరుడే విన్నాను. ఎంత సంతోషించానో! అప్పుడే రాయవలసింది. అవసరం పడ్డాక రాస్తున్నందుకు సిగ్గుగానే ఉంది.

ఫోను చేద్దామని రెండుసార్లు బూత్ దాకా వెళ్ళాను. వెనక నిలబడేవాళ్ళంతా తెలిసినవాళ్ళే. నేను చెప్పవలసిన మాటను దాచడానికి ఆ అద్దాల తలుపు చాలదు.

నారాయణమ్మా, నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. సూది పరీక్షలో క్యాన్సరని తేలింది.

అది మొదట చేతికి తగిలింది ఆషాఢంలో, స్నానం చేస్తుంటే. శనగగింజ కంటే కాస్త పెద్దది. నొప్పి లేదు. నొప్పి లేని గడ్డనే అనుమానించాలని పదిహేనేళ్ళుగా ఊరూరా తిరిగి చెబుతున్నదాన్ని కదా! ఆ పూట బయటికొచ్చి, తల తుడుచుకుని, మీ బావగారికి ఉప్మా పెట్టాను. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రావడానికి నాలుగు నెలలు దాటింది.

ఎందుకని అడుగుతావు. నన్ను నేనూ అదే అడుగుతున్నాను. సబ్ సెంటరులో జాకెట్టు విప్పడానికి సిగ్గుపడ్డ ఆడవాళ్ళను ఎన్నిసార్లు కసిరానో. "ప్రాణం కంటే సిగ్గెక్కువైపోయిందా మీకు?" అనేదాన్ని. నా వంతు వచ్చేసరికి నాకు అదే ఎక్కువైంది. నర్సమ్మకే వచ్చిందట అని బస్సులో చెప్పుకుంటారు. పక్కమీద పడుకోబెట్టి నలుగురు చూస్తారు. ఇవే ఆలోచనలు. దిగులుతో చిక్కిపోతుంటే, మా ఉద్దానంలో ఎవరు చిక్కినా ముందు కిడ్నీయే కదా, "క్రియాటిన్ సూపించుకున్నారేటి, నర్సమ్మగోరూ?" అని అడిగేవారు. బాగానే ఉందనేదాన్ని. అది అబద్ధం కూడా కాదు. దాని చాటున హాయిగా దాక్కున్నాను.

పోయిన నెల గడ్డ మీద చర్మం లోపలికి లాగినట్టు సొట్ట పడింది. ఇక ఆగలేక ఒక్కదాన్నే శ్రీకాకుళం వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు వచ్చిన రోజు మీ బావగారికి చెప్పాను. అరుగు మీద కూర్చున్నారు.

"నాలుగు నెల్లు నా పక్కనే ఉండి సెప్పలేదేటి?" అన్నారు.

సిగ్గేసిందన్నాను.

"ఊరందరికీ సెప్తావు గదా. నాకాడ సిగ్గేటి?"

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. లోపలికొచ్చి, నేను మడతపెడుతున్న బట్టలు తీసుకుని ఆయనే మడతపెట్టారు. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. రొమ్ము మొత్తం తీసేయడం ఒకటి. గడ్డవరకే తీసి, తరవాత ఐదారు వారాలు రోజూ రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడం ఒకటి. ఏది చేసినా ఇంజెక్షన్లు తప్పవంది. నేను ఒక్క క్షణం ఆలోచించకుండా మొత్తం తీసేయండి అన్నాను. ఆవిడ కలం పక్కన పెట్టి నన్ను చూసింది. "మీరు ఎవరిమీదో కోపంతో చెబుతున్నట్టుంది. ఇంటికి వెళ్ళి, చల్లగా ఆలోచించుకుని రండి" అంది. ఆపరేషను మాత్రం విశాఖలో చేయించుకోమంది. అందుకే నీకు రాస్తున్నాను. ఇలాంటివాళ్ళను రోజూ చూస్తుంటావు. ఏది మంచిదో నాకు దాచకుండా చెప్పు.

ఇంకొక సంగతి. మా సెంటరు కింద ఊళ్ళో కాసులమ్మ అని ఒకావిడ ఉంది. పలాస ఫ్యాక్టరీవాళ్ళ జీడిపప్పుకు ఇంటి దగ్గర పొట్టు తీస్తుంది. దసరా ముందు మీటింగులో నేను బొమ్మల చార్టు పెట్టి, రొమ్ము ఎలా తడిమి చూసుకోవాలో చెప్పాను. అందరూ వెళ్ళాక ఆమె ఉండిపోయి, "నాకూ ఏటో తగులుతోంది, ఒకసారి సూడండి" అంది. చూశాను. పాలగడ్డ అనుకుని, ఏమీ లేదని పంపేశాను. నా చేతికి సరిగా తెలియలేదు. పొరపాటైంది. ఇప్పుడు అనుమానంగా ఉంది. కొత్త డాక్టరు వచ్చారని చెప్పి ఆమెనూ వెంటబెట్టుకొస్తాను. ఇద్దరికీ ఓపీ చీటీ రాయించి ఉంచు. వచ్చే సోమవారం కాక పై సోమవారం, 22వ తేదీ, పలాస పాసింజరుకు వస్తాం.

ఇంటిల్లిపాదినీ అడిగానని చెప్పు.

నీ హాస్టలు గది మనిషి,
సీతారత్నం.

తా.క.: ఈ ఉత్తరం పొద్దున రాశాను. కవరు అంటించలేకపోయాను. ఇప్పుడు సాయంత్రం.

కాసులమ్మ గురించి పైన రాసింది నిజం కాదు. నువ్వు నర్సువి, ఇది చెబితే నీకే తెలుస్తుంది. ఆఖరి పిల్ల పాలు మానేసి నాలుగేళ్ళయిన మనిషికి పాలగడ్డేమిటి? ఆమె గడ్డ మీద వేళ్ళు పెట్టగానే నాకు తెలిసిపోయింది. నాదానిలాగే గట్టిగా, కదలకుండా ఉంది. పరీక్షకు పంపితే తోడు నేనే వెళ్ళాలి. ఆ గదిలో ఆమె పక్కన నిలబడి నాది దాచుకోలేను. అందుకని ఏమీ లేదన్నాను. తెలిసే అన్నాను.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పి, 22న నాతో విశాఖ రమ్మన్నాను. చేతిలో పప్పు చాటలో పెట్టేసి విన్నది.

"నీదెప్పుడు సూసుకున్నావు?" అంది. ఇన్నేళ్ళలో నన్ను నువ్వు అనడం అదే మొదలు.

ఆషాఢంలో అన్నాను.

"నాకు ఏటీ నేదని సెప్పింది దసరా ముందు."

ఔనన్నాను. తిడుతుందేమోనని నిలబడ్డాను. తిట్టలేదు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అడిగింది, బండి ఎన్ని గంటలకని. చెప్పాను.

"ఎక్కుతాను. నీ పక్కన మాత్రం కూకోను" అంది.

ఇద్దరం ఒకే బండిలో వస్తున్నాం. స్టేషనులో ఆమె కోసం నా పక్కన చూడకు. పొట్టి మనిషి, చామనఛాయ, పొట్టు తీసి తీసి వేళ్ళ చివర్లు పగిలి ఉంటాయి. ముందు ఆమెను వెతికి పట్టుకో. చీటీ ముందు ఆమెకే రాయించు. నాది తరవాత.