సుద్దగీత మీద నడక

అవ్వా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. బాన్సువాడ దవాఖానలో నీ మనవరాలినైన నా ఫిజియోథెరపీ గదికి పొద్దున ఒక ముసలమ్మ వచ్చింది. నీలాగే బాత్‌రూంలో జారిపడింది. దెబ్బ తగ్గినా, మళ్లీ పడతానన్న భయంతో మంచం దిగడం మానేసిందట. కొడుకు రెండు చేతులా పట్టుకొని నడిపిస్తున్నాడు.

"చెయ్యి ఇడిసిపెట్టన్నా. పక్కన నిలబడు, చాలు," అన్నాను.

నేల మీద సుద్దతో గీత గీశాను. ఆమె దాని మీద అడుగు ముందు అడుగు వేసింది. ఊగింది, ఆగింది, నిలదొక్కుకుంది.

"గిది మా పొలం గట్టు లెక్కనే ఉన్నది గదా బిడ్డా!" అని నవ్వింది.

కోటగిరిలో తడి గట్ల మీద నెత్తిన సద్దిగంపతో, దానికి చెయ్యైనా పట్టకుండా నడిచేదానివి నువ్వు. జారిపడి కోలుకున్నాక, "గట్టు దాక పోయొస్త బిడ్డా," అని అడిగావు. "ఇగ నీకు నడుసుడెందుకవ్వా, కూసో," అని నీ చేతికర్రను బియ్యం బస్తాల వెనక దాచాను. నడిస్తేనే ఒంటికి నిలకడ ఉంటుందని, కూర్చోబెడితే కాళ్లు దాన్ని మరిచిపోతాయని అప్పటికే చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. ఇంట్లో మాత్రం భయపడ్డాను. ఆరు నెలలు తిరిగేసరికి నీకు మంచం మీద లేచి కూర్చోవడమే కష్టమైంది.

ముసలమ్మ వెళ్తూ నా గడ్డం పట్టుకుంది.

"మీ ఇంట్ల ముసలోళ్లు అదృష్టవంతులు బిడ్డా. నువ్వు మంచంల పండనియ్యవు గద!"

ఆమె వెళ్లాక, అవ్వా, నేల మీద కూర్చొని, చెరగని గీతనే మళ్లీ గీశాను.