పోటులో లాగిన బురద

ఫిబ్రవరి 11

ఓడకి మళ్ళీ అడుగు తగిలింది. రేవు గోడ పక్కనే, ముందు భాగం. కెప్టెన్ పైనుంచి చేతులు రెండూ ఎత్తి నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న మా రేవుకి వారానికి ఒక్క ఓడ. చిన్నది. ఈ తీరం పొడుగునా ఉన్న రేవులన్నీ తిరుగుతూ ఒకచోట సిమెంటు దించి, ఇంకోచోట పెంకులు ఎక్కించుకుని పోతుంది. దాన్ని అందరం సిటీబస్సు అంటాం. అది ఆగడం మానేస్తే ఇక్కడ వాలేవి కాకులే.

ఆ ఓడ నిలబడే చోట బురద పేరుకోకుండా చూడటం నా పని. బోటు వెనక గొలుసులతో ఇనప దూలం కట్టి నీళ్ళ అడుగున ఈడుస్తాను. కదిలిన బురదని ఆటు సముద్రంలోకి తీసుకుపోతుంది. మర్నాటికి కొత్తది వస్తుంది. సముద్రానికి తల దువ్వే ఉద్యోగం అంటుంది మా ఆవిడ. బోటుకి పేరేదో రాసి ఉంది గానీ ఎవరూ పిలవరు. నల్లగా ఉంటుంది, ఎప్పుడూ బురదలోనే ఉంటుంది, కదలమంటే బుసకొడుతుంది. గేదె అంటాం.

ఫిబ్రవరి 13

మేనేజర్ పిలిచాడు. ఇంకొక్కసారి అడుగు తగిలితే ఓడ ఇక్కడికి రాదని కంపెనీవాళ్ళు చెప్పేశారట. సరుకంతా పెద్ద రేవులోనే దించి, కొత్త హైవే మీద లారీల్లో పంపుకుంటారట. బురద తోడే డ్రెడ్జర్ సంగతి ఏమైందని అడిగాను. అడిగాం, వరసలో ఉన్నాం అన్నాడు. నా పెళ్ళప్పుడు కూడా వరసలోనే ఉన్నాం.

మా ఆవిడది ఇదే రేవు గేటు దగ్గర వే బ్రిడ్జి మీద డ్యూటీ. లారీలు తూస్తుంది. ఓడ పోతే ఇద్దరం ఒకేసారి ఇంట్లో కూర్చుంటాం. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరం పగలు ఇంట్లో ఉండేది ఆదివారాలే. గొడవలన్నీ ఆదివారాలే.

ఫిబ్రవరి 16, ఆదివారం

గొడవ. మా బామ్మర్ది వల్ల.

వాడికి లారీ ఉంది. ఇప్పుడు పొడుగాటి ట్రైలర్ కొంటానంటున్నాడు. అన్నం దగ్గర కూర్చుని, హైవే మీద చేతులు వదిలేసి నడిపినా బండి దానంతటదే పోతుంది, నీ గేదెని అమ్మేసి నా దగ్గర క్లీనరుగా వచ్చేయ్ బావా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వాడికి విషం లేదు, బుర్ర కూడా లేదు. నేను తింటూ తింటూ లేచాను. నవ్వుతూ అన్నదానికి పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్తారా అని మా ఆవిడ సాయంత్రం దాకా దులిపింది.

వాడు చెప్పింది నిజమే కావడం వల్లే నా కోపం.

ఫిబ్రవరి 18

ఓడ వచ్చింది. తగల్లేదు. కెప్టెన్ కిందికి దిగి, మీ రేవులో నీళ్ళు నా జీతంలాగా ఉన్నాయయ్యా, నెలాఖరుకి అడుగు కనిపిస్తోంది అన్నాడు. ఆఫీసులో మా తరఫున మాట్లాడేది ఈయనొక్కడే. ఈ ఓడ మీద వంతుకి వచ్చే మిగతా కెప్టెన్లందరూ ఈ రేవు తీసేయమనే రాస్తారు.

ఫిబ్రవరి 19

ఆటు ఉన్నంతసేపే పని. నీళ్ళు సముద్రం వైపు తీస్తున్నప్పుడు మాత్రమే దూలం దించాలి. ఈ బోటు నాకన్నా ముందు మా నాన్న నడిపాడు. ఆయన నాకు నేర్పింది ఒకటే. పోటు మొదలవగానే దూలం ఎత్తెయ్, నీళ్ళు లోపలికి వస్తుంటే లేపిన బురద లోపలే ఎక్కడో కూర్చుంటుంది అనేవాడు. అంటే ఏట్లో, రేవుకి పైన.

మిగతా సగం పొద్దంతా గేదెని గట్టుకి కట్టి బీడీ కాలుస్తాను. బురద మాత్రం బీడీ కాల్చదు. అది తన పని తను చేసుకుంటూనే ఉంటుంది.

ఫిబ్రవరి 20

పోటులో కూడా లాగాను.

ఫిబ్రవరి 21

ఇవాళ కూడా. ఏరు ఎంత పెద్దది. ఈ కాస్త బురద అందులో ఎక్కడ కూర్చుంటే ఎవడికి తెలుస్తుంది. నాన్న రోజుల్లో ఓడని తీసేస్తామని ఎవరూ బెదిరించలేదు. ఆయనకి రూల్స్ పెట్టుకునే తీరిక ఉండేది.

సాయంత్రం తాడుకి గుండు కట్టి రేవు గోడ పక్కన లోతు చూశాను. రెండోసారి చూశాను. మూడోసారి ఊరికే, సంతోషం కోసం చూశాను.

ఫిబ్రవరి 25

వెన్నలో కత్తిలా వచ్చింది! గోడకి ఆనుకుని నిలబడింది, అడుగున చుక్క మట్టి తగల్లేదు. కెప్టెన్ పైనుంచి సెల్యూట్ కొట్టాడు. మేనేజర్ నాకు తన గదిలో, తన కప్పులో టీ పోయించాడు. ఏం మాయ చేశావయ్యా అన్నాడు. కష్టపడ్డాను సార్ అన్నాను. అబద్ధం కాదు.

మా ఆవిడ వే బ్రిడ్జి కిటికీలోంచి తల బయటపెట్టి, ఇవాళ లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారు కట్టాయని అరిచి చెప్పింది. ముఖం వెలిగిపోతోంది. ఇంటికి నడిచే వచ్చాం. దారిలో, ఇంటి ముందు గదికి రంగు వేయిద్దామా అంది. ఏ రంగు అన్నాను. చాలా రోజులకి మేం రంగుల గురించి మాట్లాడుకున్నాం.

మార్చి 1

రోజూ రెండు పూటలా లాగుతున్నాను. లేటయితే ఓవర్‌టైం అని చెబుతున్నాను. గేదె ఇంజిన్ దగ్గుతోంది. నేనూ దగ్గుతున్నాను. అయినా లోతు నిలబడింది.

మార్చి 4, మధ్యాహ్నం

ఓడ ఏటికి అడ్డంగా నిలబడిపోయింది.

మార్చి 4, సాయంత్రం

ఓడ లోపలికి వచ్చాక నేరుగా గోడకి రాదు. రేవు దాటి కొంచెం పైకి, ఏటి మలుపు దాకా పోతుంది. అక్కడ వెడల్పు ఉంది. అక్కడ గిర్రున తిరిగి, ముక్కు సముద్రం వైపు పెట్టుకుని, అప్పుడు గోడకి వస్తుంది. ఎప్పుడూ అంతే. ఇవాళ సగం తిరిగింది. ఆగింది. పోటు నిండుగా ఉన్నప్పుడే ఆగింది, అంటే ఇక నీళ్ళు తగ్గడమే. నేను గేదెతో పోయి, పొగ ఆకాశానికి తగిలేలా తోశాను. కదల్లేదు.

నీళ్ళు తగ్గేకొద్దీ ఓడ ఒక పక్కకి ఒరిగింది. ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకున్నారు. మా ఆవిడ వే బ్రిడ్జి గదిలోంచి బయటికి రాలేదు.

గోడ పక్కన లోతు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

మార్చి 5

తర్వాతి పోటుకి తేలింది. గేదే లాగింది. రేవుకి రాలేదు. మా సిమెంటు పొట్టలో పెట్టుకుని అట్నుంచి అటే సముద్రంలోకి పోయింది. కెప్టెన్ ఈసారి నా వైపు చూడలేదు.

మార్చి 7

మలుపుకి పోయాను. గుండు అడుగున గ్రీజు పూసి దించాను. అడుగున ఏదుంటే అది గ్రీజుకి అంటుకుని వస్తుంది. మలుపులో ఉండేది ఎర్ర ఇసుక. నా చిన్నప్పటి నుంచీ ఎర్ర ఇసుకే.

నల్లగా వచ్చింది. మెత్తగా, మా రేవు గోడ పక్కన ఉండే కంపుతో. పది చోట్ల దించాను. పది చోట్లా నేనే.

మార్చి 8

మేనేజర్‌కి చెప్పేశాను. పోటులో లాగాను సార్, ఇదంతా నా వల్లే అన్నాను. ఆయన లేచి తలుపు వేశాడు. మలుపులో ఓడని సరిగ్గా తిప్పలేకపోయానని కెప్టెనే రాసిచ్చాడు, మధ్యలో నీకెందుకయ్యా దురద అన్నాడు. రేవుకి వచ్చే దారిలో బురద ఉందని నువ్వు బయట వాగితే ఉన్న కాస్త పరువూ పోతుంది అన్నాడు. టీ ఇవ్వలేదు. నేనూ దానికోసం చూడలేదు, ఆ కప్పు కోసం చూశాను.

మార్చి 10

కెప్టెన్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. ఇంట్లో ఉన్నాడు. ఓడ మీంచి దించి కూర్చోబెట్టారట. వచ్చే ఏడు రిటైరవ్వాలి, ఈ మచ్చతో మళ్ళీ ఓడ ఇవ్వరు అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపాడు. తెలుసయ్యా అన్నాడు. ఓడ ఇరుక్కోగానే అడుగున ఉన్న ఫ్యాన్ తిరిగి బురద పైకి లేపింది, నల్లగా వచ్చింది, మలుపులో నల్లది నీ చేత్తో తప్ప ఎలా వస్తుంది అన్నాడు. మరి మీ తప్పని ఎందుకు రాసిచ్చారు అని అడిగాను. కెప్టెన్ తప్పయితే కెప్టెన్‌ని మారుస్తారు, దారి తప్పయితే ఇంకే ఓడా మీ గడప తొక్కదు అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఫోన్‌లో వినిపించకుండా ఏడవడం నాకు చేతకాదు. ఆయన మీ ఇంటావిడ బాగుందా అని అడిగాడు.

మార్చి 11

మంగళవారం. ఓడ రాలేదు. కెప్టెన్‌ని మార్చారు, కానీ దారీ మార్చారు. ఇకనుంచి మా రేవు దాటి నేరుగా పోతుందట. మేనేజర్ నోటీసు బోర్డుకి కాగితం అంటిస్తూ, ముందునుంచీ వాళ్ళ మనసులో ఇదే ఉందిలే అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడేమో. అదే నిజమైతే ఆ కెప్టెన్ ఉద్యోగం దేనికి పోయినట్టు?

మార్చి 12

మా ఆవిడకి చెప్పాను. అంతా విన్నది. పోటులో లాగుతూ నాకు ఓవర్‌టైం అని చెప్పారా అని అడిగింది. ఆ ఒక్కటే అడిగింది. అవునన్నాను. మా తమ్ముడికి మాత్రం చెప్పకండి అని లోపలికి పోయింది. ముందు గదికని కొన్న రంగు డబ్బా మూలన ఉంది, మూత తీయలేదు.

మార్చి 26

ఇంకా లాగుతూనే ఉన్నాను. ఆటులోనే. రోజూ. మలుపు దగ్గర. ఎవరైనా అడిగితే డీజిల్ అయిపోయేదాకా అని చెబుతున్నాను. ఎవరూ అడగడం లేదు.

ఏప్రిల్ 9

డీజిల్ అయిపోయింది.

మే 6

క్రేన్ విప్పుకుపోయారు. వే బ్రిడ్జికి తాళం వేశారు. మా ఆవిడ చివరిరోజు తనే దాని మీద ఎక్కి నిలబడిందట. లారీలు తూచేది, మనిషి బరువుకి కదలనైనా కదల్లేదు, సున్నానే చూపించింది అని వచ్చి చెప్పింది. నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు రోజూ ఆదివారమే. గొడవలు కూడా లేవు.

జూన్ 2

ఆటు బాగా తీసింది. ఓడ నిలబడే చోట నేల బయటపడింది. కాకులు నడుస్తున్నాయి. కాళ్ళు కూడా పెద్దగా దిగబడటం లేదు.

జూన్ 20

గేదెని అమ్మేశారు. సముద్రం పనికి కాదు. ఎక్కడో లోపల, కొండల్లో రిజర్వాయర్‌లో నీళ్ళ మీద పెరిగే తూడు లాగడానికట. అక్కడ ఆటూ లేదు, పోటూ లేదు. దాని అదృష్టం.

నీళ్ళ మీద పోయే దారి లేదు కాబట్టి రోడ్డు మీదే తీసుకుపోవాలి. కాంట్రాక్టు మా బామ్మర్దికి దొరికింది. చెప్పడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నువ్వు వద్దంటే మానేస్తా బావా అన్నాడు. వాడి ముఖం చూస్తే జాలేసింది. వేరేవాడెవడో గుంతల్లో ఎత్తేస్తూ తీసుకుపోయే బదులు నువ్వే తీసుకుపోరా అన్నాను. లోపలికి వచ్చి అన్నం తిన్నాడు. హైవే గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

జూలై 4

గేదె ట్రైలర్ మీద ఉంది. నీళ్ళ బయట ఇంత చిన్నదా అనిపించింది.

రేవు గేటు మలుపులో బామ్మర్ది బండి ఆపి, తిరుగుతుందా బావా అని అడిగాడు. నేను దిగి, వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, ఇప్పుడు తిప్పు అని చెయ్యి ఊపాను. ఒక్కసారికే తిరిగింది. ఎక్కడా తగల్లేదు.

గేదె అడుగున ఎండిన బురద మలుపంతా రాలింది. నల్లది. మా ఆవిడని చీపురు తెమ్మన్నాను. బండి పోయింది. నేను ఊడుస్తున్నాను.