తోమిన పింగాణీ

కోయంబత్తూరు,
ఆయుధ పూజ మరునాడు

నా వీరమ్మక్కకు,

మధురలో మీరంతా ఎలా ఉన్నారని అడిగే ఓపిక కూడా లేదక్కా. నేను పనిచేసే మిల్లు దొర బంగళాలో అద్దాల బీరువా ఉందని రాశాను కదా. దాని నిండా బొటనవేలంత పింగాణీ జాడీలు, బూట్లు, పడవలు. ఒక్కోదాని మీద దొరల సీమలోని ఒక్కో ఊరి ముద్ర, రంగుల్లో. దొరసాని తమ్ముడు ఏ ఊరు వెళ్తే ఆ ఊరి బొమ్మ కొని పంపేవాడట. పెద్ద యుద్ధంలో పోయాడు. వాటిని దుమ్ము దులిపే పని నాకు తప్ప ఎవరికీ ఇవ్వదు.

నిన్న నాకు జ్వరం. నా బదులు మా అత్త వెళ్ళింది. కరుప్పాయి అత్త సంగతి నీకు తెలుసు, బతుకంతా మిల్లులో నూలు చుట్టిన మనిషి. అక్కడ ఆయుధ పూజకు యంత్రాల జిడ్డంతా వదలగొట్టి బొట్టు పెడతారు. ఆ అలవాటు కొద్దీ, దొరసాని ఊటీలో ఉండగా, బొమ్మలన్నీ దించి చింతపండు, ఇటుకపొడి వేసి తోమేసింది. ఒక్క ముద్ర మిగల్లేదు. "చూడు కణ్ణూ, అళుక్కు, మురికంతా పొయ్యె, ఎట్లా తెల్లగా ఉండాయో" అని ఇవాళ నన్ను బంగళాకు పిలిచి మరీ చూపించింది.

తిట్టడానికి నోరు రాలేదక్కా. రేపు దొరసాని వస్తుంది. నేనే తోమానని చెబుతాను, పని పోతే పోనీ. ఆ తర్వాత అత్తకు ఏం చేసిందో విడమరచి చెప్పి తీరతాను.

నీ చెన్నమ్మాళ్

కోయంబత్తూరు,
దీపావళి ముందు

అక్కా,

నేనే తోమానని చెప్పాను. దొరసాని అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక పడవను చేతిలో పెట్టుకుని, ముద్ర ఉండిన చోట వేలితో తడుముతూ కూర్చుంది. "ఇది ఎంద ఊరు, చెన్నమ్మా?" అంది. అది ఏ ఊరిదో నాకేం తెలుసు? ఆమెకూ గుర్తు రాలేదు. చివరికి అన్నీ బుట్టలో వేయించి, ఇక చూడలేను, తీసుకుపొమ్మంది. నన్ను మాత్రం పనిలోంచి తీసెయ్యలేదు.

బుట్టతో గుమ్మం ఎక్కానో లేదో అత్త ఎదురొచ్చింది. "మెచ్చుకొని ఇచ్చేసిందా ఆయమ్మ?" అంది. చెప్పాలనే నోరు తెరిచాను. ఇన్నేళ్ళలో ఆమె పనిని ఒక్కరూ మెచ్చుకోలేదక్కా. అవునత్తా అన్నాను.

ఇప్పుడు మా మిల్లు కూలీల లైను ఇళ్ళవాళ్ళంతా వచ్చి చూసిపోతున్నారు. శుక్రవారం వస్తే అత్త వాటిని కడిగి వరసగా పెట్టి, ముందువైపు నడుమ, ఆ ఊళ్ళ ముద్రలు ఉండిన చోటే, ఒక్కోదానికి బొట్టు పెడుతుంది. నేను పక్కన కుంకుమ భరిణె పట్టుకుని నిలబడుతున్నాను.

నీ చెల్లెలు,
చెన్నమ్మాళ్