దాహంతో పంపిన సీల్

అక్కా,
నేనూ, తాతిగాట్ మావయ్యా నిన్న దుకాణానికి చేరాం. బండి లాగే కుక్కలూ బాగానే ఉన్నాయి.

దారిలో నేను వేటాడి, ఇంటివైపు వస్తున్న ఖౌనాక్ బండి మీద పంపిన సీల్ అందిందా? మంచుగాలి లేస్తోందన్న తొందరలో, చంపిన సీల్‌కి మనం ఎప్పుడూ చేసేట్టు, నా నోట్లో మంచు కరిగించి దాని నోట్లో పోయడం మరిచిపోయాను. ఉప్పునీళ్లలో బతికి మన చేతికొచ్చిన జీవికి ఆ గుక్కెడు మంచినీళ్లూ ఇవ్వలేదు. అప్పటి నుంచి ఎక్కడ బండి ఆపినా, గడ్డకట్టిన సముద్రం మీద, మంచు కింద ఊపిరి వినిపిస్తోంది. చుట్టుపక్కల సీల్ ఊపిరికి పైకొచ్చే కన్నం ఒక్కటీ లేదు. కుక్కలు మొరగవు, మంచుకు చెవి ఆనించి వింటాయి.

"నీళ్లు పోశావట్రా?" అన్నాడు మావయ్య.

"పోశాను," అన్నాను.

"అయితే నీ వెనక వచ్చేది సీల్ కాదులే," అని తన బండిని దూరంగా తోలుకుపోయాడు.

నా పాత బూట్లకు అడుగులు కుట్టావా? మచ్చల కుక్క ఈనిందా? పది రోజుల్లో మళ్లీ ఆ మంచు మీదుగానే రావాలి. ఈలోగా ఇటొచ్చే బండితో జవాబు పంపు. సీల్‌ను ఇంకా కోయకపోతే ముందు దాని నోట్లో మంచినీళ్లు పొయ్యి. ఇంట్లోకి తెచ్చిన రోజే పోసేసి ఉంటే మాత్రం, ఆ సంగతి నాకు రాయకు.

అమ్మకు నేను కులాసా అని చెప్పు.
నీ తమ్ముడు,
ఉయారాక్