రొట్టెముక్కతో చెరిపిన ముఖం

కైరో, మంగళవారం

తహానీ వాళ్ల నాన్నగారికి,

తల్లీకూతుళ్లం క్షేమం. ముఖం గీసే పరీక్ష ఈసారీ తప్పితే బొమ్మల చదువు మాన్పించి మన ఊరు దుమ్యాత్ తీసుకుపోతానని రాశారు. ఆ బెంగతో పిల్ల సరిగా తినడం లేదు. అందుకని ఆరు రోజులుగా నేనే దాని ఎదురుగా కిటికీ దగ్గర కూర్చున్నాను. నైలు మీది వెలుగు గోడ మీద నీళ్లలా కదులుతుంటే, ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. పిల్ల బొగ్గుతో గీసేది, రబ్బరుకు బదులు మెత్తని రొట్టెముక్కతో చెరిపేసేది. "గుర్తింపు కార్డు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుంటే ఏం గీయనమ్మా?" అని విసుక్కునేది.

నిన్న చూద్దును కదా, నల్లబడ్డ రొట్టెముక్కలన్నీ నేల మీదే! "కడుపు నింపే రొట్టెను కాళ్ల కింద వేస్తావటే, సిగ్గులేనిదానా!" అంటూ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరి, మన అలవాటు ప్రకారం ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాను. పెదవులకూ నుదుటికీ మసి అంటుకుంది.

"కదలకమ్మా! అలాగే ఉండు!" అని అరిచింది తహానీ.

పొద్దు వాలేదాకా అలాగే ఉన్నాను. కాగితం మీద మెల్లగా నా ముఖం తేలి వచ్చింది. అంత ప్రేమగా చూడడం నాకు వచ్చని నాకే తెలియదు. ఈ ఉదయం వాళ్ల మాస్టారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "గట్టెక్కావు పో" అన్నారట.

పావురాలకు గింజలు వేస్తున్నారా? నిమ్మకాయల జాడీ రోజూ ఒకసారి కదపండి. శుక్రవారం తెల్లజున్ను తీసుకుని రండి. పిల్లను తీసుకుపోవడానికి కాదు. తర్వాతి బొమ్మకు వడ్రంగి చేతులు కావాలట, మీవే కావాలంటోంది. అంతవరకూ ఆ చేతులకు ఉలి దెబ్బ తగలకుండా అల్లా చూడుగాక.

ఇన్షిరాహ్