రెండున్నర పడని గవ్వలు

సెప్టెంబర్ 28, 1964. కరీంనగర్. ఉదయం 7.
నర్మదతో పందెం కుదిరింది! అష్టాచెమ్మ, మూడాటలు. ఆమె గెలిస్తే బతుకమ్మకు మందమర్రి పోయి దీపావళి దాకా తల్లిగారింట్లోనే. నేను గెలిస్తే దసరా మరునాడే తిరిగి వస్తుంది. పెళ్ళయ్యాక మొదటి పండుగ. అన్ని రోజులు ఒక్కణ్ణే ఉండటం నా వల్ల కాదు.

తీర్మానం: గవ్వలు ఊదను. అరవను. మొక్కను. ప్రతి ఎత్తూ లెక్క ప్రకారమే. లెక్కల సారునై ఉండి పెళ్ళాం చేతిలో ఓడతానా!

సాయంత్రం 6.
లెక్క తేలింది. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అంత. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. పదహారు విధాల్లో ఒకటి నాలుగుసార్లు, రెండు ఆరుసార్లు, మూడు నాలుగుసార్లు, నాలుగూ ఎనిమిదీ ఒక్కోసారి. సగటు రెండున్నర!
"రెండున్నర ఎట్ల పడుతది? గవ్వ నిలవడుతదా?" అని నర్మద పడీపడీ నవ్వింది.

29.
గెలిచాను!! లెక్క ఎక్కడికి పోతుంది?

అక్టోబర్ 1.
ఓడాను. కారణాలు: లాంతరు పొగచూరింది. చాయ్ చల్లారింది. ఒక గవ్వ మూతి విరిగింది.
విస్తృతి కూడా కట్టాను, అంటే సగటుకు అటూ ఇటూ ఎంత ఎగురుతుందో. రెండు ముప్పావు! సగటు కంటే ఎక్కువే. పట్టించుకోలేదు.

3.
గవ్వలు ఒక్కసారి ఊదాను. దుమ్ముంది మరి.
బాసర సరస్వతమ్మకు కొబ్బరికాయ మొక్కాను. చదువుల తల్లి కనుక ఇదీ లెక్కలోకే వస్తుంది.

4, ఆదివారం. సాయంత్రం 4.
ఆఖరి ఆట. నా కాయ పండబోతోంది. ఎనిమిది గళ్ళ వెనక ఆమె కాయ. అష్ట పదహారింట ఒక్కటే, ఫికర్ లేదనుకుని ఇంకో కాయను నడిపాను.
ఆమె వేసింది. నాలుగూ బోర్లా!
"సచ్చింది!" అన్నది నర్మద.
"అయ్యో!" అని నేను వీధంతా వినబడేలా అరిచాను. ఇంటామె శంకరవ్వ తొంగిచూసింది. "ఏమైంది సారూ, తేలు కుట్టిందా?"

5.
పందెం పోయింది, ఇక దీపావళి దాకా రాదు. పెద్దపల్లిలో రైలెక్కించాను. "గట్ల మొఖం ఏలాడేసుకుంటె నేనెట్ల పోవాలె? సెలవులియ్యంగనే మీరు సుత రాండ్రి" అన్నది. తలూపాను.

6.
ఇల్లు బోసిగా ఉంది. గళ్ళు గీసి ఇద్దరి ఆటా నేనే ఆడాను. లెక్క ప్రకారమే, ఖచ్చితంగా!
నాకు మూడు పడింది. మూడు గళ్ళ ముందర నర్మద కాయ. చంపాలి. లెక్క అదే చెప్తోంది.
చంపలేదు. ఇంకో కాయను జరిపాను.
రేపు పొద్దుటి నుంచి మాత్రం ప్రతి ఎత్తూ లెక్క ప్రకారమే!