బావగారిని ఒక్కరినే పంపుతున్నాను

అక్కా,

మమ్మల్ని తీసుకురమ్మని నువ్వు పంపిన బావగారిని ఒక్కరినే వెనక్కి పంపుతున్నాను. కోప్పడకు. మా ఆయన చనిపోయిన ఏడాదే ఈ డేరా సరదా ఏమిటని అడిగావట. సరదా కాదక్కా, పిల్లలు ఏటా వాళ్ల నాన్నతో వచ్చి డేరా వేసుకునే చోటు ఇది.

వానలో కష్టమన్న నీ మాట నిజమే. నిన్న తడిసిన కట్టెలతో కుస్తీ పట్టాను. కళ్లు మండాయి కానీ గిన్నె కింద మంట అంటుకోలేదు. "నాన్నైతే చిటికెలో వెలిగించేవాడు," అంది పెద్దది. చిన్నోడు నా వంక చూస్తూ గభాలున దాని నోరు మూశాడు. నా ముందు నాన్న మాట ఎత్తకూడదని వాడి భయం. అది చూశాక అలాగే ఇంటికి రాబుద్ధి కాలేదు.

రాత్రి సన్న పుల్లలు నా దుప్పట్లోనే పెట్టుకుని పడుకున్నాను. ఒంటి వేడికి తెల్లారేసరికి ఆరాయి. పొద్దున డేరా బయట టార్పాలిన్ ఎత్తుగా కట్టి, దాని కింద రాళ్ల పొయ్యి పెట్టాను. మంట అందుకుంది. ఆ సంబరంలో అన్నం అడుగంటింది. అయినా మీ ఆయన రెండుసార్లు పెట్టించుకున్నారు. తినలేదంటే నమ్మకు, చొక్కాకి అంటిన మాడు వాసన చూడు.

అనుకున్న రోజులన్నీ ఉండే వస్తాం.

పెద్దది గిన్నె గీకుతూ, "నాన్న కూడా ఇలాగే మాడ్చేవాడు," అంది. ఈసారి చిన్నోడు దాని నోరు మూయలేదు. "ఇంకా ఎక్కువ మాడ్చేవాడు," అన్నాడు.

నీ చెల్లి